రాజుగారి రీల్ సరే, ఆ రాజు ఏమయ్యాడు?

సెమిస్టర్ ఎగ్జామ్స్ మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఫోన్ చూస్తుంటే ఒక రీల్ వచ్చింది. ఒక ఆస్ట్రియా అమ్మాయి అమెరికాలో చదువుకుంటూ ఒక బర్మా అబ్బాయిని ప్రేమించి పెళ్ళి చేసుకుంటుంది. ఇద్దరూ ఓడ ఎక్కి రంగూన్ వెళ్తారు. రేవులో జనం, పడవలు, పూలు, బ్యాండు మేళం. ఎవరో పెద్ద మనిషి ఈ ఓడలో ఉన్నట్టున్నారే అనుకుంటుంది ఆ అమ్మాయి. అప్పుడు చెప్తాడు అబ్బాయి, ఇదంతా మన కోసమేనని, తాను ఒక సంస్థానానికి రాజునని. వెనకాల పియానో. రీల్ అయిపోయింది.

సాయంత్రానికి అది మా హాస్టల్లో అందరి ఫోన్లలోకి వచ్చేసింది. "అతనూ ఇంజనీరింగేనంట, మనకెందుకు జరగవురా ఇలాంటివి" అని ఒకడు నిట్టూర్చాడు. అతనూ ఇంజనీరింగే, అది నిజం. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో మైనింగ్ చదివాడు. పేరు సావ్ క్యా సెంగ్. అమ్మాయి పేరు ఇంగే. రీల్‌లో చూపించింది కూడా చాలావరకు నిజమే. నా గొడవ అల్లా ఆ రీల్ రేవు దగ్గర ఆగిపోయిందని. అసలు చరిత్ర మొదలయ్యేది అక్కడి నుంచే. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి ఆ ఇంజనీరుని సైన్యం పట్టుకుపోయింది. ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు, శవాన్ని కూడా.

నేను హిస్టరీ స్టూడెంట్‌ని కాదు. స్కూల్లో హిస్టరీ అంటే ఇయర్లు బట్టీ పట్టడమే. కానీ ఈ ఊరి సంగతి మాత్రం పట్టుకుంటే వదల్లేదు, అందుకే ఈ వ్యాసం.

ఊరి పేరు సీపా. బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, షాన్ రాష్ట్రం ఉత్తర భాగంలో ఉంది. మాండలే నుంచి ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్లు. బర్మా భాషలో ఇదే ఊరిని థీబా అంటారు. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తే మూడోది ఇంకేదో అనిపిస్తుంది. ఒకే ఊరికి ఇన్ని పేర్లుంటే సెర్చ్ చేసేవాడికి ఎంత నరకమో నాకు తెలుసు. ఒక పేరుతో వెతికితే రైలు ప్రయాణం, కొండల్లో ట్రెక్కింగ్ వస్తాయి. ఇంకో పేరుతో వెతికితే రత్నగిరిలో చనిపోయిన ఒక బర్మా చక్రవర్తి వస్తాడు.

ఆ చక్రవర్తి ఈ ఊరివాడు కాదు. బర్మా రాజుల కాలంలో రాజకుమారులకి ఒక్కో ఊరి ఆదాయం రాసిచ్చేవారు, ఆ ఊరి పేరుతోనే వాళ్ళని పిలిచేవారు. అలాంటివాడిని మ్యోసా అంటారు, అంటే అక్షరాలా ఊరిని తినేవాడు అని అర్థం. (ఇంత నిజాయితీగా ఉన్న అధికారిక హోదా ఇంకెక్కడా నాకు కనపడలేదు.) మిండన్ రాజు కొడుకుల్లో ఒకడికి థీబా వచ్చింది. వాడే తర్వాత థీబా రాజు అయ్యాడు, బర్మా ఆఖరి రాజు. 1885లో ఇంగ్లీషువాళ్ళు అతన్ని సింహాసనం మీద నుంచి దింపి ముందు మద్రాసుకి, అక్కడి నుంచి రత్నగిరికి పంపేశారు. 1916లో అక్కడే పోయాడు. రత్నగిరిలో అతను ఉన్న ఇంటిని ఇప్పటికీ థీబా ప్యాలెస్ అనే అంటారు. అలా ఒక షాన్ ఊరి పేరు కొంకణ తీరంలో బోర్డు మీద మిగిలింది.

ఇక అసలు ఊరి రాజులు. షాన్‌లు తమని తాము 'తాయ్' అంటారు. థాయ్‌లాండ్ వాళ్ళకి, లావోస్ వాళ్ళకి, మన అస్సాంని 13వ శతాబ్దం నుంచి ఏలిన అహోంలకి వీళ్ళు దగ్గరి చుట్టాలు. వాళ్ళ రాజుని 'సావ్‌ఫా' అంటారు. సావ్ అంటే ప్రభువు, ఫా అంటే ఆకాశం. దాన్నే బర్మావాళ్ళు సాబ్వా అని పలికారు. పట్టపురాణి బిరుదు మాత్రం మనకి అనువాదం అక్కర్లేదు, 'మహాదేవి'. రాజు ఉండే ఇల్లు 'హా'. ఇలాంటి సంస్థానాలు చిన్నా పెద్దా కలిపి 30కి పైనే ఉండేవి. సీపా వాటిలో పెద్దవాటి లెక్కలోకి వస్తుంది. సుమారు 5,000 చదరపు మైళ్ళు, 1901 జనాభా లెక్కల్లో లక్ష దాటి మనుషులు.

ఇంగ్లీషువాళ్ళ కాలం గురించి ఎక్కువ చెప్పను, ఒక్కడి గురించి తప్ప. ఖున్ సాయింగ్ అనే సావ్‌ఫా థీబా రాజుతో చెడి దేశం వదిలి పారిపోయాడు. అంటే ఈ ఊరి పేరు పెట్టుకున్న రాజు, ఈ ఊరి రాజునే తరిమేశాడన్నమాట. పారిపోయినవాడు ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్న రంగూన్‌లో తేలాడు. అక్కడ తన మనుషులే ఇద్దరు తనని చంపడానికి వచ్చారని అనుమానం వచ్చి వాళ్ళని చంపేశాడు. ఇంగ్లీషు కోర్టు మరణశిక్ష వేసింది. ఆయనకి మాత్రం అందులో తప్పేంటో అర్థం కాలేదట, వాళ్ళు నా మనుషులే కదా అని. చివరికి శిక్ష తగ్గించి వదిలేశారు. 1887లో షాన్ రాజులందరిలో ముందుగా ఇంగ్లీషువాళ్ళకి లొంగింది ఈయనే. అందుకు బహుమతిగా పదేళ్ళు కప్పం మాఫీ, పక్కనున్న చిన్న సంస్థానాలు కూడా కలిపి ఇచ్చారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, సావ్‌ఫాలని నేను దేవుళ్ళని చేయట్లేదు అని ముందే అర్థం కావడానికి. ఇది మళ్ళీ పనికొస్తుంది.

తర్వాత రోడ్లు వచ్చాయి, రైలు వచ్చింది. మాండలే నుంచి లాషియో వెళ్ళే ఆ లైనులో, సీపాకి ముందు గోతేక్ అనే లోయ మీద ఒక ఉక్కు వంతెన ఉంది. 1900 ప్రాంతంలో అమెరికా కంపెనీ ఒకటి కట్టింది. ఉక్కు ముక్కలన్నీ పెన్సిల్వేనియాలో తయారుచేసి ఓడల మీద తెచ్చి బిగించారు. 689 మీటర్ల పొడవు, 102 మీటర్ల ఎత్తు. సివిల్ బ్రాంచి వాళ్ళు ఫోటోలు చూడండి, నేనైతే పది నిమిషాలు అలాగే చూస్తూ ఉండిపోయా.

క్యా సెంగ్ చిన్నతనం ఈ కాలంలో గడిచింది. ఆయన అమెరికాలో ఉండగా ఇంగే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద డెన్వర్‌లో చదువుకోవడానికి వచ్చింది. 1953లో పెళ్ళి. 1954 మొదట్లో రీల్‌లో చూపించిన ఆ ఓడ. తనని రాజు అని చూడకుండా మనిషిగా చూసి పెళ్ళి చేసుకోవాలని ఆయన అసలు విషయం దాచాడని ఇంగే తర్వాత పుస్తకంలో రాసింది.

ఊరికి వచ్చాక ఆయన ఏం చేశాడన్నది రీల్ కన్నా చాలా ఇంట్రెస్టింగ్. తన కుటుంబానికి చెందిన వరి పొలాలని వాటిని సాగుచేస్తున్న రైతులకే ఇచ్చేశాడు. ట్రాక్టర్లు, పనిముట్లు కొని వాళ్ళకి అందుబాటులో పెట్టాడు. నేల కింద ఏముందో చూడటానికి తను నేర్చుకున్న చదువుని వాడి గనుల కంపెనీ పెట్టాడు. ఆ షాన్ కొండల్లో వెండి, సీసం ఉన్నాయని ఇంగ్లీషువాళ్ళకి ఎప్పుడో తెలుసు, దగ్గర్లోని బాడ్విన్ గనులు ఒకప్పుడు ప్రపంచ ప్రసిద్ధి. ఆ సంపద షాన్‌ల కోసం వాడాలన్నది ఈయన ఆలోచన. ఆమె షాన్ భాష, బర్మా భాష నేర్చుకుని ఆడవాళ్ళ ఆరోగ్యం, పిల్లల చదువు మీద పనిచేసింది. జనం ఆమెని థుసండి అని పిలిచారు. ఇద్దరు కూతుళ్ళు పుట్టారు.

ఇదంతా జరుగుతుండగా చుట్టూ ఏం జరుగుతోందో చెప్పాలి. ఇక్కడే కాస్త ఓపిక పట్టండి.

1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్ అనే షాన్ ఊళ్ళో ఒక ఒప్పందం జరిగింది. బర్మన్ నాయకుడు ఆంగ్ సాన్ ఒకవైపు, షాన్ సావ్‌ఫాలు, కాచిన్, చిన్ నాయకులు ఇంకోవైపు. అందరం కలిసి స్వాతంత్ర్యం తెచ్చుకుందాం, మీ లోపలి వ్యవహారాలు మీరే చూసుకోండి అని మాట. ఐదు నెలలకే, జులై 19న, ఆంగ్ సాన్‌ని కాల్చి చంపేశారు. కానీ అదే ఏడాది వచ్చిన రాజ్యాంగంలో మాట నిలబెట్టారు, షాన్ రాష్ట్రానికి పదేళ్ళ తర్వాత కావాలంటే విడిపోయే హక్కు ఉంటుందని రాశారు. స్వతంత్ర బర్మాకి మొదటి ప్రెసిడెంట్ కూడా ఒక సావ్‌ఫానే, యాంగ్‌వే సంస్థానం రాజు సావ్ ష్వే థైక్.

పదేళ్ళు అంటే 1958. ఈలోపు చైనాలో కమ్యూనిస్టులు గెలిచారు, ఓడిపోయిన కువోమింతాంగ్ సైన్యం సరిహద్దు దాటి షాన్ కొండల్లోకి వచ్చి కూర్చుంది. వాళ్ళని తరమడానికి బర్మా సైన్యం వచ్చింది. వచ్చినవాళ్ళు మళ్ళీ వెళ్ళలేదు. షాన్ పల్లెల్లో జనానికి రెండు సైన్యాలూ ఒకటే, బియ్యం అడుగుతాయి, మోత కూలీలని పట్టుకుపోతాయి. విడిపోయే హక్కు గురించి నిజంగా మాట్లాడటం మొదలైంది ఈ కోపంలోంచే. 1958లో యువకులు కొందరు తుపాకులు కూడా పట్టారు.

1959 ఏప్రిల్‌లో సావ్‌ఫాలందరూ టౌంజీలో సంతకాలు పెట్టి వంశపారంపర్య అధికారం వదిలేసుకున్నారు. దానికి బదులు పింఛను సొమ్ము. క్యా సెంగ్ కూడా పెట్టాడు. అంటే ఆ రోజు నుంచి ఆయన రాజు కాదు. పార్లమెంటు ఎగువ సభలో సభ్యుడు, గనుల ఇంజనీరు, ఇద్దరు పిల్లల తండ్రి. అంతే.

తర్వాత రెండేళ్ళు షాన్ నాయకులు అడిగింది విడిపోవడం కాదు. రాజ్యాంగాన్ని సవరించి నిజమైన ఫెడరల్ దేశం చేయమని. 1962 ఫిబ్రవరిలో రంగూన్‌లో దాని మీద ప్రభుత్వమే చర్చలు పెట్టింది. మార్చి 2 తెల్లవారుజామున జనరల్ నే విన్ సైన్యంతో అధికారం లాక్కున్నాడు. దేశం ముక్కలైపోతోంది, అందుకే అన్నాడు. ఆ రాత్రి మాజీ ప్రెసిడెంట్ ష్వే థైక్ ఇంటి మీదకి సైనికులు వెళ్ళారు. ఆయన పదిహేడేళ్ళ కొడుకుని కాల్చేశారు. ఆయన అదే సంవత్సరం నవంబరులో జైల్లో చనిపోయాడు. చాలా పుస్తకాల్లో దాన్ని 'రక్తపాతం లేని తిరుగుబాటు' అని రాస్తారు. పదిహేడేళ్ళు. నాకన్నా రెండేళ్ళు చిన్న.

క్యా సెంగ్ ఆ సమయంలో టౌంజీలో ఉన్నాడు. ఇంటికి వెళ్ళడానికి ఎయిర్‌పోర్టుకి బయల్దేరితే చెక్‌పోస్టు దగ్గర సైనికులు ఆపారు. చూసినవాళ్ళున్నారు. కొన్నాళ్ళకి ఇంగేకి దొంగచాటుగా ఒక చిన్న చీటీ చేరింది, ఆయన చేతిరాతే. బా హ్తూ అనే సైనిక స్థావరంలో బంధించారని, ఇప్పటికైతే బాగానే ఉన్నానని. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. ఆమె అడిగితే ఒక అధికారి బాగానే ఉన్నాడు అన్నాడు, ఒకరు త్వరలో వదిలేస్తాం అన్నారు, చివరికి ప్రభుత్వం అసలు మేం ఆయన్ని అరెస్టే చేయలేదు అంది.

ఇది నాకు మింగుడుపడని చోటు. ప్రోగ్రామింగ్‌లో మనం మొదట్లో అందరం చేసే తప్పు ఒకటుంది, విలువ సున్నా అవడం, అసలు విలువే లేకపోవడం రెండూ ఒకటే అనుకోవడం. చంపేశాం అని చెప్తే ఆ ఇంట్లోవాళ్ళు ఏడుస్తారు, కర్మకాండ చేసుకుంటారు, ఆ గడిలో ఏదో ఒకటి రాస్తారు. అరెస్టే చేయలేదు అంటే ఆ గడి ఖాళీ. ఆ ఖాళీని పట్టుకుని ఆమె ఆ ఇంట్లో సైనికుల కాపలా మధ్య రెండేళ్ళు ఉంది. 1964లో ఇద్దరు పిల్లలతో ఆస్ట్రియా వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ కొలరాడోకే వెళ్ళి, బౌల్డర్‌లో స్కూల్ పిల్లలకి జర్మన్ చెప్పుకుంటూ బతికింది. 1994లో పుస్తకం రాసింది.

ఇదంతా రూమ్‌లో చెప్తే మా రూమ్మేట్ ఒక్క మాట అన్నాడు. "రాజులే కదరా. మనవాళ్ళు రాజుల మీద, దొరల మీద కొట్లాడి భూమి తెచ్చుకున్నారు. ఇప్పుడు నువ్వు ఒక రాజు కోసం కన్నీళ్ళు పెడతావేంటి?" వాడిది నల్గొండ. వాళ్ళ ఊళ్ళో తెలంగాణ సాయుధ పోరాటం కథలు ఇంకా చెప్పుకుంటారు. వాడు అన్నది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. నేను రెండ్రోజులు ఆలోచించా.

ఖున్ సాయింగ్‌ని గుర్తు చేసుకోండి. నా మనుషుల్ని నేను చంపుకుంటే మీకేంటి అన్న రాజు. అలాంటి అధికారం పోవాల్సిందే, దాని మీద నాకేం అనుమానం లేదు. 1959లో సంతకాలతో అది పోయింది, మంచిదే. కానీ 1962లో జరిగింది రాజరికం రద్దు కాదు. అది అప్పటికే మూడేళ్ళ కింద రద్దయిపోయింది. 1962లో జరిగింది ఏంటంటే, ఖున్ సాయింగ్ రంగూన్‌లో చేసిన పనే ఈసారి దేశం చేయడం. తేడా అల్లా, ఖున్ సాయింగ్‌ని కనీసం ఒక కోర్టు బోనులో నిలబెట్టింది. నే విన్‌ని ఎవరూ నిలబెట్టలేదు. రాజు అధికారం పోయి జనానికి రాలేదు, ఇంకా పెద్ద రాజు చేతికి వెళ్ళింది.

మన దగ్గరి పోలిక పెడితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్ నిజాం ఇండియాలో కలవడానికి ఒప్పుకోలేదు. 1948 సెప్టెంబరులో సైన్యం వెళ్ళి కలిపింది. అయినా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ని 1950లో రాజప్రముఖ్‌ని చేశారు. 1967లో కింగ్ కోఠీలో తన ఇంట్లో చనిపోతే అంతిమయాత్రకి జనం పోటెత్తారు. రాజభరణాలు 1971లో రాజ్యాంగ సవరణతో, పార్లమెంటులో ఓటు వేసి తీసేశారు. ఎదిరించినవాడు సొంత ఇంట్లో పోయాడు. అక్కడ, సంతకం పెట్టి అధికారం వదిలేసినవాడికి సమాధి లేదు.

ఇది చెప్పి మనం భుజాలు తట్టుకోవడానికి వీల్లేదు కూడా. పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో వేలమంది సామాన్య ముస్లింలు చచ్చిపోయారు. దాని మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన రిపోర్టుని దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. అంటే మనకీ ఒక ఖాళీ గడి ఉంది, అది రాజుది కాదు, పేర్లు తెలియని మనుషులది. రూమ్మేట్‌కి ఇదే చెప్పా. వాడు ఒప్పుకున్నాడని చెప్పను. "మరి సీపాలో పేర్లు తెలియని మనుషుల సంగతేంటి, నువ్వూ రాజు గురించేగా చెప్తున్నావ్" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు సగమే ఉంది. 1962 తర్వాత షాన్ కొండల్లో పల్లెలకి పల్లెలే ఖాళీ చేయించారు. 1996 నుంచి మూడేళ్ళలోనే మధ్య షాన్ రాష్ట్రంలో లక్షలమందిని ఊళ్ళలోంచి తరిమారు. వాళ్ళలో ఎవరికీ ఇంగ్లీషులో పుస్తకం రాసే భార్య లేదు. మనకి క్యా సెంగ్ పేరు తెలిసింది ఆమె వల్లే. అంటే రీల్ చేసినవాడిని తిడుతున్న నేను కూడా అదే తలుపులోంచి లోపలికొచ్చా.

నే విన్ పేరు మనకి కొత్త అనుకోవద్దు. మన పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవాళ్ళు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగు కూలీలని బర్మాలో కోరంగీలు అనే పిలిచేవారు. 1964లో నే విన్ ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేసింది. భారతీయులు లక్షలమంది దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కి వెనక్కి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. సీపా నుంచి ఇంగే ఇద్దరు పిల్లలతో వెళ్ళిపోయింది కూడా సరిగ్గా ఆ ఏడాదే. మా వైజాగ్ ఫ్రెండ్స్ బర్మా క్యాంపు అంటే బస్ స్టాప్ పేరు అనుకుంటారు. నేనూ మొన్నటిదాకా అంతే.

సీపాలో ఆ ఇల్లు ఇంకా ఉంది. ఈస్ట్ హా అంటారు, 1924లో కట్టింది, చూడటానికి ఇంగ్లండులో ఎవరో పెద్దాయన బంగళాలా ఉంటుంది. కుటుంబంలో ఒకాయన, క్యా సెంగ్‌కి అన్నదమ్ముల కొడుకు, భార్యతో అక్కడే ఉండి ఇంటిని చూసుకునేవాడు. వచ్చిన టూరిస్టులకి హాల్లో కూర్చోబెట్టి ఇంటి కథ చెప్పేవాడు. 2005లో ఆయన్ని పట్టుకెళ్ళారు. లైసెన్సు లేకుండా గైడ్ పని చేశాడన్నది ఆరోపణల్లో ఒకటి. 13 ఏళ్ళ శిక్ష. 2009లో వదిలారు. మళ్ళీ చదవండి, సొంత ఇంట్లో కూర్చుని మా బాబాయ్ ఇలా మాయమయ్యాడు అని చెప్పినందుకు 13 ఏళ్ళు.

సైన్యం పాలన కదా అలాగే ఉంటుంది అనొచ్చు. 2016 సంగతి వినండి. ఇంగే పుస్తకం మీద ఆస్ట్రియావాళ్ళు తీసిన సినిమాని యాంగోన్‌లో మానవ హక్కుల ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేద్దామనుకున్నారు. సెన్సార్ బోర్డు ఆపేసింది, జాతుల ఐక్యత దెబ్బతింటుందట. అప్పుడు అధికారంలో ఉన్నది సైన్యం కాదు, ఆంగ్ సాన్ సూకీ పార్టీ. పాంగ్‌లాంగ్‌లో మాట ఇచ్చిన ఆంగ్ సాన్ కూతురు. ఫిబ్రవరి 12ని ఇప్పటికీ అక్కడ యూనియన్ డే అని సెలవిచ్చి పండగ చేస్తారు.

ఇప్పుడు మన బ్రాంచికి సంబంధించిన ఒక విషయం. ఇది చదివాక నేను హిస్టరీ ట్యాబ్‌లు మూసేసి యూనికోడ్ చార్టులు తెరిచా.

యూనికోడ్‌లో మయన్మార్ లిపులకి 160 స్థానాల బ్లాక్ ఒకటుంది. అందులో బర్మా అక్షరాలతో పాటు షాన్, మోన్, కరెన్ భాషల అక్షరాలకి కూడా చోటు కేటాయించారు. ఈలోపు జాగ్యీ అనే ఫాంట్ వచ్చి బర్మాలో అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో పాతుకుపోయింది. ఆ ఫాంట్ చేసిందేంటంటే, మన 'స్త్రీ' లాంటి వాటిని తీసుకోండి. చూడటానికి ఒక్క అక్షరం, లోపల ఆరు కోడ్ పాయింట్లు. వాటిని కలిపి గీయడం సాఫ్ట్‌వేర్ పని. జాగ్యీ ఆ కష్టం పడకుండా ఒక్కో ఆకారానికి ఒక్కో స్థానం ఇచ్చేసింది. అన్ని స్థానాలు ఎక్కడి నుంచి వస్తాయి? షాన్, మోన్, కరెన్‌లకి ఉంచిన గదుల్లోంచి. వాళ్ళ గదుల్లో బర్మా అక్షరం రూపాలు తెచ్చి పెట్టారు. అలాంటి ఫోన్లో షాన్‌లో రాసిన మెసేజ్ తెరిస్తే అర్థం లేని బర్మా గీతలు కనిపిస్తాయి.

ఇది కుట్ర అని నేను అనట్లేదు. చేసినవాళ్ళు మనలాంటి కుర్రాళ్ళే అయ్యుంటారు, త్వరగా పని అవ్వాలి, అంతే. మన అను ఫాంట్లతో వచ్చే పాత ఫైళ్ళు కూడా ఈ జాతే కదా, బ్రౌజర్‌లో పెడితే ఇంగ్లీషు పిచ్చి అక్షరాలు. మన మ్యాగజైన్ ఎడిటర్లకి ఆ బాధ తెలుసు. కానీ మన పొరపాటు మన భాషనే పాడుచేసింది, ఇంకొకరి గదిలోకి చొరబడలేదు. అక్కడ మాత్రం పెద్ద భాష సౌకర్యం కోసం చిన్న భాష చోటు పోయింది, పోయిందని పెద్ద భాషవాళ్ళకి తెలియను కూడా తెలియలేదు. 2019 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం అధికారికంగా యూనికోడ్‌కి మారింది. అప్పటికి పదేళ్ళకి పైగా గడిచిపోయాయి, ఒక తరం పిల్లలు మొదటి ఫోన్ పట్టుకున్న పదేళ్ళు. ఎన్నో దశాబ్దాలు ప్రభుత్వ బడుల్లో షాన్ చదువు లేదు, వేసవి సెలవుల్లో బౌద్ధ మఠాల్లో నేర్చుకునేవారు. నేను ఇంగ్లీషు మీడియం, పేజీ తెలుగు టైప్ చేయడానికి గంట పడుతుంది. అయినా నేను కొట్టిన 'క' మీ ఫోన్లో 'క'లాగే వస్తుంది. దాన్ని ఎప్పుడూ ఒక హక్కు అనుకోలేదు.

సీపా ఇప్పుడు టూరిస్టులు వెళ్ళే ఊరు కాదు. 2021లో మళ్ళీ సైన్యం అధికారం లాక్కుంది, ఆ తర్వాత యుద్ధం కొండలన్నింటికీ పాకింది. 2024 అక్టోబరులో తఆంగ్ జాతి సైన్యం సీపాని పట్టుకుంది. షాన్ రాజుల ఊరు, షాన్‌లు కాని ఇంకో చిన్న జాతి చేతిలోకి. షాన్ జనంలో దాని మీద భయాలూ ఉన్నాయి, చిన్న జాతులన్నీ ఒకటే అనుకోవడం మనలాంటి దూరపువాళ్ళ తేలిక లెక్క. 2025 ఆగస్టులో గోతేక్ వంతెన దెబ్బతింది, మీరు బాంబు పెట్టారంటే మీరు పైనుంచి వేశారని రెండు పక్కలా ఒకరినొకరు అన్నారు. అక్టోబరులో బర్మా సైన్యం సీపాని మళ్ళీ తీసుకుంది.

ఇంగే 2023 ఫిబ్రవరిలో బౌల్డర్‌లో చనిపోయింది, 90 ఏళ్ళు. భర్తని ఏం చేశారో చెప్పమని ఆమె, ఆమె కూతుళ్ళు ఒక్కో ప్రభుత్వాన్నీ అడుగుతూనే వచ్చారు. 61 ఏళ్ళలో ఏ ప్రభుత్వం నుంచీ ఒక్క కాగితం రాలేదు. ఆ రీల్ పేజీవాడికి నేను మెసేజ్ పెట్టా, రెండో భాగం చేయమని, కావాలంటే స్క్రిప్ట్ నేను రాసిస్తానని. సీన్ అయింది, రిప్లై రాలేదు. రూమ్మేట్ మాత్రం నిన్న రాత్రి లైటు ఆపాక అడిగాడు, "ఆ చీటీ ఎవరు తెచ్చిచ్చార్రా ఆవిడకి?" అని.